పరదేశమునుండి పలుకరింపు

మా మేనత్తగారును, ఆమె భర్తయు కొన్ని యేండ్ల క్రిందట అమెరికాలోనున్న కుమార్తెను చూచుటకై బయలుదేరిరి. ఆయన ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయుడు. ఆమె అంతకుముందు చెన్నపట్టణము దాటి యెఱుగదు. శంషాబాదు విమానాశ్రయమున వీడ్కోలు చెప్ప వచ్చిన మేనల్లుడు, "అత్తయ్యా, విమాన మెక్కగానే ఫోను కట్టివేయుడు. అమ్మాయి యిల్లు చేరువఱకు తెఱవకుడు. తెఱచితిరా, వేలకు వేలు బిల్లు వచ్చును" అని హెచ్చరించెను. ఆమె అట్లే చేసెను. దారిలో ఒక గల్ఫు నగరమున విమానము మాఱవలసి యుండెను. మొదటి విమాన మాలస్యమై రెండవది వెడలిపోయెను. 8 గంటలకాలము వా రెచ్చట నున్నదియు, ఏమైనదియు ఎవ్వరికిని తెలియలేదు. అమెరికాలో కుమార్తె, హైదరాబాదులో మేనల్లుడు ఆ యెనిమిది గంటలును ఎట్లు గడపిరో మీ రూహింపగలరు. ఫోను మాత్రము అత్తగారి చేతిసంచిలో, కండ్లజోడు పెట్టె ప్రక్కనే, మూగయై పడియుండెను. ఆ విమానాశ్రయమున వైఫై ఉచితము!

ఆ హెచ్చరిక చేసిన మేనల్లుడను నేనే. నాటినుండి యీ విషయమును గుఱించి కొంత విచారించి తెలిసికొంటిని. తెలిసికొన్నది నేడు మీకు విన్నవింతును.

విదేశమునుండి మాటలాడుట మిక్కిలి వ్యయమను భయము నిన్న నేడు పుట్టినది కాదు. లండను, న్యూయార్కు నగరముల నడుమ ప్రజల ఉపయోగమునకై టెలిఫోను 1927వ సంవత్సరము జనవరి 7వ తేదీన ప్రారంభమయ్యెను. నాడు మాట తంతిమీద గాక రేడియో తరంగములమీద సముద్రము దాటెడిది. 3 నిమిషములకు వెల 15 పౌనులు, అనగా 75 డాలర్లు. సామాన్యుడు నెలల తరబడి కష్టించి కూడబెట్టవలసిన ధనమది. అట్లాంటికు సముద్రగర్భమున మొట్టమొదటి టెలిఫోను తంతిని 1956లో పఱచిరి. దానిపై ఒక్క క్షణమున 36 సంభాషణలు మాత్రమే జరుగుటకు వీలుండెను. 36 మంది మాటలాడుచుండగా ముప్పదియేడవవాడు వేచియుండవలసినదే! 1988లో గాజునూలుతో చేసిన తంతి వచ్చెను. అది యించుమించు 40,000 సంభాషణలను మోయగలిగెను. ఆ తరువాత వచ్చిన తంతుల శక్తిని సంభాషణలలో లెక్కించుటయే మానివేసిరి.

మన యిండ్లలో పెద్దవారికి ట్రంకుకాలు జ్ఞాపకముండును. పిలుపు నమోదు చేయించి, ఎప్పుడు వచ్చునో తెలియక, పొరుగింటి వసారాలో గంటల కొలది కూర్చుండెడివారు. ఆ తరువాత ఎస్.టి.డి. బూతులు వెలసెను. అద్దపుగదిలో, తలకు పైన ఎఱ్ఱని యంకెలు పరుగిడుచుండ, చెప్పదలచుకొన్నది గొంతులోనే నిలిచిపోయి, "అందఱును క్షేమమే గదా, ఉందును" అని రిసీవరు పెట్టివేసినవారు మనలో నెందఱు లేరు? రాత్రి ప్రొద్దుపోయిన పిదప వెల తగ్గునని, నిద్ర చెఱుపుకొని వరుసలో నిలిచిన రోజులవి. అమెరికాకు చదువులకై పోయిన మన బాలురు వెండిపూత గోకి సంఖ్య చూచుకొను కాలింగు కార్డులను కొనెడివారు. కార్డుపై వ్రాసిన నిమిషములు వేఱు, దొరకిన నిమిషములు వేఱు. పిలుపు కలిపినందుకు కొంత, మిగిలిన సెకనులను నిమిషముగా లెక్కగట్టినందుకు కొంత తఱిగిపోయెడిది. భయము ఈ విధముగా తరతరములుగా వచ్చినది. కారణములు మాఱినవి, భయము మాఱలేదు.

ఇప్పుడు తంతి వెల లేదనియే చెప్పవచ్చును. వెలయంతయు గడపలలో నున్నది. వెనుకటి దినములలో సంతకు పోవు బండివానికి బాట నడచినందుకు ఖర్చు లేదు. ఆశీలు గుమ్మమువద్ద ఖర్చు. మాటకును నేడిదే గతి. ఏ కంపెనీ గడపలోనికి మాట ప్రవేశించునో ఆ కంపెనీ సుంకము పుచ్చుకొనును. పరదేశమునుండి మన దేశమునకు వచ్చు పిలుపును అందించినందుకు ఇక్కడి కంపెనీ పుచ్చుకొను సుంకమును, టెలికాము నియంత్రణ సంస్థ 2018లో నిమిషమునకు 53 పైసలనుండి 30 పైసలకు తగ్గించెను. 2020లో దానిని 35 పైసలకును 65 పైసలకును మధ్య కంపెనీలే నిర్ణయించుకొనవచ్చునని మార్చెను. చూచితిరా? వేల మైళ్ల సముద్రమును గూర్చి యెవ్వరును వివాదపడలేదు. వివాదమంతయు కడపటి గుమ్మమును గూర్చియే.

అయినచో పరదేశమున మన ఫోనునకు బిల్లు అంత పెద్దదిగా ఏల వచ్చును? దీనికి రోమింగు అనగా నేమో తెలియవలెను. మీ ఫోనులోని సిమ్ము కార్డును ఒక పరిచయపత్రిక యనుకొనుడు. మీరు పారిసులో విమానము దిగి ఫోను తెఱవగానే అది అక్కడి టవరునకు ఆ పత్రికను చూపును. అక్కడి కంపెనీ మన దేశములోని మీ కంపెనీని క్షణములో ప్రశ్నించును: "ఇతడు మీవాడేనా? ఇతని వ్యయము మీరు భరింతురా?" "మావాడే" యని బదులు వచ్చిన పిమ్మటనే మీకు సంకేతము దొరకును. చుట్టపుచూపుగా వియ్యాలవారింటికి పోయినట్లే యుండును. భేదమేమన, ఇక్కడ పుచ్చుకొన్న ప్రతి కాఫీకిని లెక్క వ్రాయుదురు. ఆ లెక్కను మన యింటికి పంపుదురు. మన యింటివారు తమ లాభము దానిమీద చేర్చి మన చేతికిత్తురు.

మన యలవాటునకు మిక్కిలి విరుద్ధమైన సంగతి యింకొకటి కలదు. ఫోను చేసినవాడు గదా డబ్బు చెల్లించవలసినది? రోమింగులో నట్లు కాదు. గుంటూరునుండి మీ మిత్రుడు మీకు ఫోను చేసెననుకొనుడు. మీరు పారిసులో నున్న సంగతి అతడెఱుగడు. అతని పిలుపు మొదట మీ స్వదేశపు కంపెనీకి పోవును. అక్కడనుండి సముద్రము దాటి మీకడకు వచ్చును. మీ కంపెనీ గడపవఱకు ఖర్చు అతనిది. అక్కడినుండి పారిసువఱకు ఖర్చు మీది. అప్పు కావలయునా యని యడుగు అపరిచితునితో మర్యాదకు 2 నిమిషములు మాటలాడినను ఆ మర్యాదకు మూల్యము మీరే యిచ్చుకొనవలెను.

దీనికంటెను వింతయైనది వినుడు. దంపతు లిరువురు పారిసులో నొకే హోటలులో నున్నారు. భర్త పై యంతస్తున, భార్య క్రింది యంతస్తున. ఇరువురి ఫోనులలోను మన దేశపు సిమ్ము కార్డులే. "కాఫీ చల్లాఱుచున్నది, దిగి రండి" అని ఆమె ఆయనకు ఫోను చేసినది. ఆ వాక్యము పారిసునుండి భారతదేశమునకు వచ్చి, భారతదేశమునుండి మరల పారిసునకు పోయి, రెండు మెట్ల వరుసల దూరమున నున్న ఆయన చెవిని చేరును. పిలిచినందుకు ఆమెకును, పలికినందుకు ఆయనకును బిల్లు వచ్చును. కాఫీ వెల దాని ముందు లెక్కకు రాదు.

మీకు వచ్చు పిలుపులను స్వదేశములోని మఱొక సంఖ్యకు మరలించు ఏర్పాటు చేసికొనియున్నచో, ప్రయాణమునకు ముందే దానిని రద్దు చేసికొనుట మంచిది. పరదేశమున ఫోను మ్రోగి, మీరెత్తక పోగా, ఆ పిలుపు మరల స్వదేశమునకు మరలినచో రాకకును పోకకును గూడ లెక్క పడవచ్చును. రెండు హాషు గుర్తులు, సున్న, సున్న, రెండు, మరల ఒక హాషు గుర్తు నొక్కి పిలుపు మీట నొక్కిన ఆ యేర్పాట్లన్నియు తొలగిపోవును.

ఇది మాటల సంగతి. డేటా సంగతి వేఱు. మాటలాడినప్పుడు మనము మాటలాడుచున్నామని మనకు తెలియును. డేటా యట్లు కాదు. మీరు నిద్రించుచుండగా ఫోను నిద్రింపదు. పగలు తీసిన ఛాయాచిత్రములను ఎక్కడనో దాచుకొనుచుండును, అప్లికేషనులను నవీకరించుకొనుచుండును, బంధువుల సముదాయములో వచ్చిన శుభోదయపు చిత్రములను ఒక్కొక్కటిగా దింపుకొనుచుండును. ఏ ప్యాకును తీసికొనక రోమింగు డేటా తెఱచి యుంచినవారికి వచ్చు పెద్ద బిల్లులు తఱచుగా మాటలాడినందుకు వచ్చినవి కావు. మాటలాడక నిద్రించినందుకు వచ్చినవి. కావున నేను మా యత్తగారికి చెప్పవలసినది "ఫోను కట్టివేయుడు" అని కాదు. "డేటా రోమింగు అను మీట కట్టివేసి, ఫోను తెఱచి యుంచుడు" అని. ఈ రెండింటికిని భేద మెఱుగకపోవుటయే నా తప్పు.

అయితే ఆ డేటాయే సరియైన గడపనుండి వచ్చినచో మాట కంతకంటె చౌకయైన వాహనము లేదు. వాట్సాపు మొదలగువానిలో మాట మాత్రము పంపు పిలుపునకు నిమిషమునకు సుమారు అర మెగాబైటు చాలును. ఒక గిగాబైటు డేటా యున్నచో 2,000 నిమిషములు, అనగా 33 గంటలు మాటలాడవచ్చునన్నమాట. ముఖములు చూచుకొనుచు మాటలాడినచో దీనికి పదిరెట్లును, అంతకు మించియు ఖర్చగును. మనుమని ముఖము చూడవలయునని యుండుట సహజమే. ముఖదర్శనము వైఫై ఉన్నచోట, మాట మాత్రము దారిలో - ఇది మా యింటిలో నిప్పుడు పాటించు పద్ధతి.

ఇక ఆ డేటాను ఎవరి గడపనుండి తెచ్చుకొనవలెను? నాలుగైదు దినములు పోయి వచ్చువారికిని, ఫోనులోని మీటలు త్రిప్పుట తెలియని వృద్ధులకును, స్వదేశపు కంపెనీవారి రోమింగు ప్యాకే మేలని నా యభిప్రాయము. వెల కొంత యెక్కువ కావచ్చును. కాని సిమ్ము మార్చుటలో పాత సిమ్మును పోగొట్టుకొని విమానాశ్రయమున నేలపై వెదకికొనుటకంటె ఆ యెక్కువ ఖర్చే మంచిది. ప్యాకు కొనునపుడు అది చేరవలసిన దేశమునకే గాక, మధ్యలో విమానము మాఱు దేశమునకును వర్తించునా యని తప్పక యడుగుడు. దిన మనగా 24 గంటలా, లేక అర్ధరాత్రితో ముగియునా? అర్ధరాత్రి యనగా ఏ దేశపు అర్ధరాత్రి? వచ్చు పిలుపులు ప్యాకులో చేరినవా? ఈ ప్రశ్నల కన్నిటికిని కంపెనీవారి కాగితములో జవాబులుండును. చిన్న యక్షరములలో నుండును.

ఒక నెల మొదలు ఆఱు నెలలవఱకు నుండువారికి అక్కడి సిమ్మే చౌక. పాస్‌పోర్టు చూపిన చాల దేశములలో నిత్తురు. విమానాశ్రయపు దుకాణమునకంటె ఊరిలోని దుకాణమున వెల సాధారణముగా తక్కువ. ఐరోపా సమాఖ్యలో 2017 జూను 15వ తేదీనుండి ఒక చక్కని నిబంధన అమలులో నున్నది. అందులోని ఒక దేశపు సిమ్ముతో తక్కిన సభ్యదేశములలోను స్వదేశపు వెలకే మాటలాడవచ్చును. పారిసులో కొన్న సిమ్ము రోమునగరమున, బెర్లినున యాత్రికునికి పనికివచ్చును. అయితే స్విట్జర్లాండు ఈ నిబంధనలో చేరలేదు. సమాఖ్యనుండి వెలుపలికి వచ్చిన బ్రిటనుకు నిది ప్రస్తుతము వర్తింపదు. మన యాత్రికులు లండను, పారిసు, స్విట్జర్లాండు అను మూడింటిని ఒకే వారములో చూతురు గనుక ఈ మాట చెప్పుచున్నాను.

అమెరికాకు పోవు పెద్దలు మీటల ఫోనును నమ్ముకొని పోవలదు. అక్కడి పెద్ద కంపెనీలు 2022లో మూడవ తరము సేవలను మూసివేసినవి. పాత ఫోను అక్కడ గడియారముగా మాత్రము పనిచేయును.

కార్డే లేని సిమ్ము ఇటీవల వచ్చినది. దీనిని ఈ-సిమ్ము అందురు. ఇంటిలో కూర్చుండియే కొని, ఒక చదరపు గుర్తును ఫోనుతో ఫొటో తీసినట్లు చూపిన, ఫోనులో నది చేరిపోవును. కాని ప్రతి ఫోనును దీనికి తగినది కాదు. నక్షత్రపు గుర్తు, హాషు, సున్న, ఆఱు, హాషు నొక్కినప్పుడు ఈ.ఐ.డి. అను 32 అంకెల సంఖ్య కనబడినచో సాధారణముగా తగినదే. ఇట్టివానిలో పెక్కింటికి డేటా మాత్రమే యుండును. పిలుచుటకు సంఖ్య యుండదు. వాట్సాపు మాటలకు చాలును గాని హోటలువారి మామూలు టెలిఫోనును పిలుచుటకు చాలదు. స్వదేశమున వైఫై నీడలో నున్నప్పుడే దీనిని ఎక్కించుకొని పోవుట తెలివి.

ఏది కొన్నను మన దేశపు సిమ్మును పాఱవైచుకొనరాదు. బ్యాంకువారి ఓటీపీ దానికే వచ్చును. రెండు సిమ్ములు పట్టు ఫోనైనచో పాతదానిని సందేశములకు మాత్రము తెఱచి, దాని డేటా కట్టివేసి, క్రొత్తదానిపై డేటా నడపవచ్చును. సిమ్ము మాఱినంతమాత్రమున వాట్సాపు సంఖ్య మాఱదు. మార్చుకొందువా యని ఫోను ప్రశ్నించినప్పుడు "వలదు" అనుటయే మేలు. 90 దినములు వాడుక లేని సిమ్ము రద్దగు ప్రమాదము కలదు గనుక, ఆఱు నెలలు పోవు తల్లిదండ్రులు దాని నిలువ యెంత యున్నదో, గడువెప్పుడో చూచుకొని మఱీ పోవలెను. తిరిగి వచ్చిన తరువాత పింఛను బ్యాంకువారికి క్రొత్త సంఖ్య నమోదు చేయించుటకై తిరిగిన పెద్దలను నేనెఱుగుదును.

ఇంతవఱకు చూడబోవువారి మాట. పొట్టకూటికి పోవువారి మాట వేఱు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతములనుండియు, రాయచోటి సీమనుండియు, కోనసీమనుండియు గల్ఫు దేశములకు పోయినవారు వేనవేలు. వారికి టెలిఫోను వినోదము కాదు, సౌకర్యము కూడ కాదు. సంసారమే దానిలో నడచును. బిడ్డ బడికి పోవుచున్నదా, అప్పు తీర్చితిరా, బావిలో నీరు పడినదా - సమస్తమును దానిలోనే. ఒకప్పుడు పిలుపునకు డబ్బు లేక ఫోను మ్రోగించి కట్టివేయుటయే భాషగా చేసికొనిరి. ఒకమాఱు మ్రోగిన క్షేమము. వెంటవెంటనే రెండుమాఱులు మ్రోగిన డబ్బు పంపితినని. ఇంటనున్న యిల్లాలు ఫోనెత్తక, గంట విని, దీపము తగ్గించి పరుండెడిది.

నేడు డేటా చౌకయైన తరువాత ఆ బాధ చాలవఱకు తీఱినది. కాని మఱొక చిక్కు కలదు. ఎమిరేట్సు దేశమున, అనగా దుబాయి, అబూధాబి మొదలైనచోట్ల, వాట్సాపు, ఫేస్‌టైము వంటివానిలో వ్రాతలు పోవును గాని పిలుపులకు చాలకాలముగా అనుమతి లేదు. ప్రభుత్వానుమతి గల బోటిము వంటివానిలోనే మాటలాడవలెను. అది యక్కడివాని ఫోనులో నున్నంతనే చాలదు. ఊరిలోని తల్లి ఫోనులోను ఉండవలెను. కావున దుబాయి పోవువాడు ప్రయాణమునకు ముందు దినమే తల్లి ఫోనులో దానిని పెట్టించి, ఎట్లు తెఱవవలెనో రెండు మూడు మాఱులు ఆమెచేత చేయించి చూడవలెను. పోయిన తరువాత ఫోనులో చెప్పుదమన్న, చెప్పుటకే ఫోను కలియదు గదా! కొందఱు మిత్రులు వి.పి.యన్. అను మాఱువేషపు అప్లికేషను పెట్టుకొని వాట్సాపులో మాటలాడవచ్చునని సలహా చెప్పుదురు. నిషిద్ధకార్యమునకు దానిని వాడినచో ఆ దేశపు చట్టము క్రింద 5 లక్షలనుండి 20 లక్షల దిర్హములవఱకు జరిమానా కలదు. నెలకు వేయి, పదునైదువందల దిర్హములు సంపాదించు కూలివానికి ఆ సలహా ఎంత చౌకయైనదో లెక్కించుకొనుడు. నిషేధములును సడలింపులును మాఱుచుండును గావున అక్కడ నిదివఱకే యున్న ఊరివానిని విచారించి పోవుట మంచిది.

చైనాలోను ఇట్టి చిక్కే కలదు. వాట్సాపు అక్కడ 2017నుండి నిలిచిపోయినది. అక్కడివారు వాడు వీచాటును మన ప్రభుత్వము 2020లో నిషేధించినది. అక్కడ చదువుచున్న బిడ్డకును ఇక్కడి తల్లికిని ఉమ్మడి వాకిలి లేకపోయెను. అయితే రోమింగులో డేటా స్వదేశపు కంపెనీ గడపద్వారా పోవును గనుక, మన సిమ్ముపై రోమింగు ప్యాకు తీసికొని పోయిన యాత్రికునికి అక్కడ వాట్సాపు సాధారణముగా పనిచేయును. గడప ఎవరిదో ఆజ్ఞయు వారిదే!

వెలకంటె కఠినమైనది వేళ. కువాయిటు గడియారము మనకంటె రెండున్నర గంటలు వెనుక. అక్కడ రాత్రి 8 గంటలకు పని ముగించి గది చేరినవానికి ఇక్కడ పదిన్నర. పిల్లలు నిద్రించియుందురు. ఇండ్లలో పనిచేయు ఆడువారికి ఆ యెనిమిది గంటలకును తీఱిక దొరకదు. యజమానురాలి దయపై దొరకిన వేళయే వేళ. ఫోను చౌకయైనంతమాత్రమున ఈ రెండున్నర గంటలు తగ్గవు. అందుచేత మాటను మాటగానే పిలువక, స్వరమును పదివాక్యములుగా నింపి పంపు పద్ధతి వారికి మిక్కిలి ఉపకరించుచున్నది. తండ్రి రాత్రి చెప్పిన మాటలను బిడ్డ ఉదయమున బడికి పోవుచు వినును. బిడ్డ సాయంకాలము చెప్పిన పద్యమును తండ్రి పరుపుపై పడుకొని వినును. వ్రాత రానివారికిని ఇది యుత్తరమే. డేటా ఖర్చు లెక్కకు రానంత స్వల్పము. అమెరికాలో తూర్పుతీరమునకును మనకును వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలమున పదిన్నర గంటలు తేడా. ఇది యెఱుగక అర్ధరాత్రి కుమారుని లేపి, "ఏమి రా, అన్నము తింటివా" యని యడుగు తండ్రులు నేటికిని కలరు. వారిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు.

ఇంటనున్న పెద్దవారికి మీటల ఫోనే యున్నచో నేమి చేయవలెను? డేటామీద బయలుదేరి మామూలు ఫోనునకు పోవు పిలుపులకై స్కైపును చాలమంది వాడెడివారు. 2003లో వెలసిన ఆ స్కైపు 2025 మేలో మూతపడినది. అట్టి సేవలు వైబరు మొదలగువారివి యింకను కలవు. నిమిషమునకు కొంత చెల్లించవలెను. తఱచుగా పిలువవలసినవారికి ఆ ఖర్చుకంటె ఇంటిలో నొక చిన్న స్మార్టుఫోను కొనిపెట్టుటయే గిట్టుబాటు. ఒక ఫోను, ఒక పొరుగింటి పిల్లవాడు - ఈ రెండు నున్నచో చాలును.

మోసమును గూర్చి యొక్కమాట. తెలియని విదేశపు సంఖ్యనుండి ఫోను ఒక్కమాఱు మ్రోగి ఆగిపోవును. కుమారుడేమో, అల్లుడేమో యని మనము తిరిగి పిలుతుము. ఆ సంఖ్య నిమిషమునకు అధికమైన వెల గలది. అవతలివా డెంతసేపు మనలను నిలిపియుంచిన అంత లాభము. జపానులో దీనికి వన్‌గిరి యని పేరు పెట్టిరి. ఒక్కమాఱు మ్రోగించి కోసివేయుట యని యర్థము. గల్ఫులో మనవాడున్న ప్రతి యింటను ఇట్టి గంటకు గుండె కొట్టుకొనును. మనవాని దేశసంఖ్య తెలిసియుండిన ఈ మోసమున పడము. ఎమిరేట్సునకు 971, సౌదీకి 966, కువాయిటునకు 965, ఖతారునకు 974, ఒమానునకు 968, బహ్రెయినునకు 973.

ఓడలలో విహరించువారికి హెచ్చరిక యొకటే: నడిసముద్రమున మీ ఫోనునకు దొరకు సంకేతము తీరమునది కాదు, ఓడది. అది ఉపగ్రహముద్వారా పోవును, వెల మిక్కిలి దారుణము, సాధారణపు ప్యాకులు దానికి వర్తింపవు. అక్కడ మాత్రము ఫోనును విమానపు అమరికలో పెట్టుటయే యుక్తము.

మా యత్తగారి సంగతి సగములో విడిచితిని. ఆ విమానాశ్రయమున ఎనిమిదవ గంటకు, ఆ దంపతులు తెలుగున మెల్లగా వాదించుకొనుచుండగా, సెలవుపై యింటికి పోవుచున్న జగిత్యాలవైపు కుఱ్ఱవాడొకడు విని దగ్గఱకు వచ్చెను. "ఫోనియ్యమ్మా" యని పుచ్చుకొని, తెఱచి, రోమింగు డేటా కట్టివేసి, విమానాశ్రయపు వైఫైకి కలిపి, వాట్సాపులో కుమార్తె పేరు నొక్కి ఆమె చేతికిచ్చెను. 2 నిమిషములు పట్టలేదట. ఆమె కాఫీకి డబ్బీయబోగా నవ్వి వెడలిపోయెను. అతని పేరు అడుగుట ఆమె మఱచెను. నేటికిని దానికి చింతించుచుండును.

ఆఱు నెలలు గడచిన తరువాత వారు అదే దారిలో తిరిగి వచ్చిరి. ఈ మాఱు ఆమె కండ్లజోడు పెట్టెలో నొక కాగితముండెను. కుమార్తె సంఖ్య, నా సంఖ్య, ఫోను పనిచేయకున్న ఎవరినైన నడిగి పిలుచుటకై, ముందు కూడిక గుర్తుతో దేశసంఖ్యతో సహా పెద్ద యక్షరములతో వ్రాసికొనెను. దాని యవసరము రాలేదు. తెల్లవాఱుజామున నా ఫోను మ్రోగకయే వెలిగినది. ఆమె పంపిన వ్రాత: "దిగితిమి. రెండవ విమానమునకు మూడు గంటలున్నది. మీ మామయ్య నిద్రపోవుచున్నారు. రాత్రి నీవు అన్నము తింటివా?"